ఆడవాళ్ల జీవితచరిత్రలు: ఏడో తరగతి పిల్లలకు ఎటువంటివి చదివించాలి?

ప్రశ్న (కోనసీమ నుంచి ఒక ఉపాధ్యాయిని):
మా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. గ్రంథాలయం బీరువా తాళం కూడా నా దగ్గరే ఉంటుంది. అందులో స్త్రీల గురించి ఎనిమిది పుస్తకాలుంటే, "చిన్ననాటి నుంచే ఆమెకు దయాగుణం మెండు" అన్న వాక్యం ఎనిమిదింటిలోనూ ఏదో ఒక రూపంలో కనబడుతుంది. పిల్లలు రెండో పేజీ దాటరు. విదేశాల్లో పిల్లల చరిత్ర పుస్తకాలకు బహుమతులిస్తారట. వాటిలో స్త్రీల జీవితాలపై వచ్చినవి ఎందుకు నెగ్గాయో, ఆ పద్ధతి మనకు పనికొస్తుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
అమెరికాలో 2009 నేషనల్ బుక్ అవార్డు పొందిన ఫిలిప్ హూస్ పుస్తకం క్లాడెట్ కాల్విన్ అనే నల్లజాతి అమ్మాయి గురించినది. ఇదే పని చేసి నల్లజాతివారి హక్కుల ఉద్యమంలో పేరుపొందిన రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న, మోంట్‌గోమరీ నగరపు బస్సులో తెల్లజాతివారికి సీటు ఇవ్వనని కూర్చుండిపోయి అరెస్టయిన ఈ పదిహేనేళ్ల పిల్లను ఆ ఉద్యమ నాయకులే పక్కన పెట్టారు. రచయిత ఆమెను స్వయంగా కలిసి, ఆమె మాటలనే పుస్తకంలో నిలిపాడు. పొగడ్త అవసరం పడలేదు.

2019లో సైబర్ట్ పతకం (పిల్లల విజ్ఞాన పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే బహుమతి) పొందిన జాయిస్ సిడ్మన్ పుస్తకం మరియా మెరియన్ అనే చిత్రకారిణి గురించినది. పురుగులు బురదలోంచి పుడతాయని జనం నమ్మిన కాలంలో ఆమె గొంగళిపురుగులను పెంచి, గుడ్డు నుంచి రెక్కల దాకా చూసి బొమ్మలు గీసింది. యాభై దాటాక, 1699లో, కూతురితో దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. అధ్యాయాల పేర్లు కూడా సీతాకోకచిలుక దశలవే. మీ బడి పెరట్లో కరివేపాకు మొక్క ఉంటే ఆకులు తిరగేసి చూపించండి, సగం పాఠం అక్కడే అయిపోతుంది.

జవాబు 2 (కాకినాడ నుంచి, విశ్రాంత గ్రంథపాలకుడు):
పై మాటలు బాగున్నాయి గానీ, ఆ ఇంగ్లీషు మన ఏడో తరగతికి కొరుకుడు పడదు. పైగా ఈ పని మనకు కొత్త కాదు. భండారు అచ్చమాంబ గారు 1901లోనే స్త్రీల జీవితచరిత్రలతో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించారు. అది గ్రాంథికం కనుక పిల్లల చేతికి నేరుగా ఇవ్వలేం. పద్ధతి ఒక్కటి తీసుకోండి, మనుషులు ఇక్కడే ఉన్నారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శన వాకిట్లో, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన దుర్గాబాయికి (తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్) అప్పుడు పద్నాలుగేళ్లు. పుస్తకం ఆ గుమ్మం దగ్గర మొదలు కావాలి, పుట్టిన తేదీ దగ్గర కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా పిల్లలు రోజూ మధ్యాహ్నం తినే బడి భోజనం, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరిటే వస్తోంది. గన్నవరం అక్విడక్టుకూ (నది మీదుగా కాలువను దాటించే వంతెన) ఆమె పేరే. ఇంగ్లండు రాజు పట్టాభిషేకానికి ఆమె ఫొటో తెప్పించుకున్నాడని ఊళ్లో ప్రతి ఇంటా చెబుతారు. దాన్ని చెరిపేయకుండా, "చెప్పుకుంటారు" అన్న మాటతో వేరే పేజీలో పెట్టిస్తాను. పిల్లలను సోమవారానికి ఆమె గురించి పెద్దవాళ్ల దగ్గర విన్నది ఒక పక్క, కాగితంలో దొరికింది ఒక పక్క రాసుకు రమ్మన్నాను.