ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్‌లో ఏది వడగట్టాలి, ఏది దారి మళ్లించాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా సంస్థలో కుబర్నెటీస్ (కంటైనర్లను నడిపే వేదిక) మీద నడిచే సర్వీసులన్నీ తమ ట్రేస్‌లను (ఒక్కో అభ్యర్థన సాగిన దారి నమోదు), మెట్రిక్‌లను (కొలతలు), లాగ్‌లను 4317 పోర్టు ద్వారా ఒకే ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్‌కు (ఇలాంటి డేటాను సేకరించి ముందుకు పంపే ప్రోగ్రామ్) పంపుతాయి. అది అన్నింటినీ ఒకే వాణిజ్య సేవకు చేరవేస్తుంది. డేటా ఎంత వెళ్తే అంత బిల్లు కాబట్టి, హెల్త్ చెక్ (సర్వీసు బాగా నడుస్తోందా అని చూసే తనిఖీ) స్పాన్‌లనూ (ట్రేస్‌లోని ఒక్కో పని నమోదు), వార్నింగ్ కంటే తక్కువ స్థాయి లాగ్‌లనూ తీసివేసేలా ఫిల్టర్ ప్రాసెసర్‌లో షరతులు రాశాము. అప్పటి నుంచి ఒక పాత జావా సర్వీసు లాగ్‌లు, ఎర్రర్‌లతో సహా, ఒక్కటీ కనిపించడం లేదు. ఆ లాగ్‌లను మాత్రం కలెక్టర్‌లోని ఫైల్‌లాగ్ రిసీవర్ నేరుగా ఫైలు నుంచి చదువుతుంది. కారణం ఏమై ఉంటుంది? చెల్లింపుల బృందం డేటాను వేరే గమ్యానికి పంపాలంటే మరో కలెక్టర్ పెట్టక తప్పదా?

జవాబు 1

కారణం సివియారిటీ నంబరే (లాగ్ తీవ్రత స్థాయిని తెలిపే అంకె) అయి ఉండాలి. ఓపెన్‌టెలిమెట్రీ లాగ్ నమూనాలో ఇన్ఫోకు 9 నుంచి 12 వరకు, వార్నింగ్‌కు 13 నుంచి 16 వరకు, ఎర్రర్‌కు 17 నుంచి 20 వరకు అంకెలు కేటాయించారు. స్థాయి ఏమిటో తెలియని లాగ్‌కు 0 ఉంటుంది. ఫైల్‌లాగ్ రిసీవర్ ఒక వరుసను చదివినప్పుడు అందులో "ఎర్రర్" అనే మాట ఉన్నా, దాన్ని స్థాయిగా గుర్తించమని మనం సివియారిటీ పార్సర్ ద్వారా చెప్పకపోతే ఆ రికార్డు 0 తోనే ముందుకు వెళ్తుంది. 13 కంటే తక్కువైన ప్రతిదాన్నీ తీసేయమన్న మీ షరతుకు 0 కూడా లోబడుతుంది కాబట్టి ఆ సర్వీసు లాగ్‌లన్నీ పోతున్నాయి. "నంబరు 0 కాకూడదు, పైగా 13 కంటే తక్కువ ఉండాలి" అని షరతును మార్చండి. ఆ తర్వాత తీరికగా పార్సర్ కూడా పెట్టండి.

ఇక్కడ మరో మాట గుర్తుంచుకోవాలి. ఫిల్టర్ ప్రాసెసర్‌లో షరతు నిజమైతే డేటా ఉండిపోదు, పోతుంది. పైగా పలు షరతులు రాస్తే వాటిలో ఏ ఒక్కటి నిజమైనా చాలు. ఎర్రర్ మోడ్ కూడా ఒకసారి చూసుకోండి. అది "ప్రొపగేట్" అని ఉంటే, షరతును లెక్కించేటప్పుడు తప్పు తలెత్తిన ప్రతిసారీ ఆ బ్యాచ్ (కలిసి వచ్చిన డేటా గుంపు) మొత్తం పోతుంది. "ఇగ్నోర్" అని పెడితే తప్పు కలెక్టర్ లాగ్‌లో నమోదవుతుంది, డేటా మాత్రం ముందుకు సాగుతుంది.

హెల్త్ చెక్ స్పాన్‌లను కలెక్టర్‌లో తీసివేయడం కంటే అప్లికేషన్‌లోనే పుట్టకుండా చూడడం మేలు. మీ హెల్త్ చెక్ డేటాబేస్‌ను కూడా పలకరిస్తుంటే, తల్లి స్పాన్ పోయి డేటాబేస్ స్పాన్ ఒక్కటే అనాథగా మిగిలి, ట్రేస్ చూసేవారిని అయోమయంలో పడేస్తుంది. ఎస్‌డీకేలోని (అప్లికేషన్‌లో ఉండే ఓపెన్‌టెలిమెట్రీ లైబ్రరీ) శాంప్లర్ (ఏ స్పాన్‌ను నమోదు చేయాలో నిర్ణయించేది) దగ్గరే హెల్త్ చెక్ మార్గాన్ని వదిలేస్తే, తల్లి స్పాన్ నిర్ణయాన్నే అనుసరించే పేరెంట్ బేస్డ్ శాంప్లర్ పిల్ల స్పాన్‌లను కూడా వదిలేస్తుంది.

జవాబు 2

రెండో కలెక్టర్ అవసరం లేదు, రౌటింగ్ కనెక్టర్ సరిపోతుంది. కనెక్టర్ ఒక పైప్‌లైన్‌కు (కలెక్టర్‌లో డేటా సాగే దారి) ఎక్స్‌పోర్టర్‌గా (బయటకు పంపేది), మరో పైప్‌లైన్‌కు రిసీవర్‌గా (లోపలికి తీసుకునేది) పనిచేస్తుంది. డేటాను స్వీకరించే పైప్‌లైన్ ఒకటి పెట్టి, దాని చివర రౌటింగ్ కనెక్టర్‌ను ఉంచి, సర్వీస్ నేమ్‌స్పేస్ (సర్వీసుల గుంపు పేరు) వంటి రిసోర్స్ గుణాన్ని బట్టి ఏది ఏ పైప్‌లైన్‌కు వెళ్లాలో పట్టికలో రాయండి. ఏ షరతుకూ సరిపడని డేటా కోసం డిఫాల్ట్ పైప్‌లైన్‌ను తప్పనిసరిగా పేర్కొనండి. లేకపోతే రేపు ఎవరైనా కొత్త నేమ్‌స్పేస్‌తో సర్వీసును విడుదల చేసినప్పుడు దాని డేటా ఎక్కడికీ చేరదు, ఆ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు కూడా. పాత వ్యాసాల్లో కనిపించే రౌటింగ్ ప్రాసెసర్‌ను ఇప్పుడు వాడకండి. దాని స్థానంలోనే ఈ కనెక్టర్ వచ్చింది.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. షరతు మార్చగానే లాగ్‌లు తిరిగి కనిపించాయి. ఎర్రర్ వచ్చిన ట్రేస్‌లనూ, ఆలస్యమైన ట్రేస్‌లనూ పూర్తిగా ఉంచి, మిగతావాటిలో కొన్నింటినే పంపాలనుకుంటున్నాము. ఇది కూడా ఫిల్టర్‌తోనే వీలవుతుందా?

జవాబు 3

వీలుకాదు. ఫిల్టర్ ఒక్కో స్పాన్‌ను విడిగా చూస్తుంది. ట్రేస్ మొత్తంలో ఎక్కడైనా ఎర్రర్ ఉందో లేదో దానికి తెలియదు. అందుకు టెయిల్ శాంప్లింగ్ ప్రాసెసర్ ఉంది. మీరు మరో విలువ ఇవ్వకపోతే అది 30 సెకన్ల పాటు స్పాన్‌లను మెమరీలో ఉంచుకుని ఆ తర్వాత నిర్ణయిస్తుంది. ఒకే ట్రేస్‌కు చెందిన స్పాన్‌లన్నీ ఒకే కలెక్టర్ ప్రతికి (నడుస్తున్న ఒకే నకలుకు) చేరితేనే ఆ నిర్ణయం సరిగ్గా ఉంటుంది కాబట్టి, ఒకటి కంటే ఎక్కువ ప్రతులు నడుపుతుంటే వాటి ముందు మరో వరుస కలెక్టర్లను పెట్టి, లోడ్ బ్యాలెన్సింగ్ ఎక్స్‌పోర్టర్‌తో ట్రేస్ ఐడీ ప్రకారం పంచాలి. స్పాన్‌ల నుంచి అభ్యర్థనల సంఖ్యను, ఆలస్యాన్ని లెక్కించే స్పాన్ మెట్రిక్స్ కనెక్టర్‌ను శాంప్లింగ్‌కు ముందే ఉంచండి. తర్వాత ఉంచితే మిగిలిన ట్రేస్‌లను మాత్రమే లెక్కించి, ఎర్రర్ శాతాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది.

జవాబు 4

బిల్లు తగ్గించే తొందరలో లాగ్‌లను శాశ్వతంగా తొలగించే ముందు మీ న్యాయ, భద్రతా బృందాలతో మాట్లాడాలని గట్టిగా కోరుతున్నాను. సెర్ట్-ఇన్ (భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ ఐటీ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. చెల్లింపుల బృందం లాగిన్ ప్రయత్నాల లాగ్‌లు ఇన్ఫో స్థాయిలోనే ఉండడం మామూలే. మీ ప్రస్తుత షరతు వాటిని తీసేస్తుంది. అలాంటివాటిని ఫిల్టర్‌కు ముందే రౌటింగ్ కనెక్టర్‌తో విడదీసి, తక్కువ ఖర్చయ్యే ఆబ్జెక్ట్ స్టోరేజీకి పంపండి. వాణిజ్య సేవకు వెళ్లే పైప్‌లైన్‌లో మాత్రమే ఫిల్టర్ ఉంచండి. ఫోన్ నంబర్లు, కార్డు నంబర్లు లాగ్‌లలో ఉంటే వాటిని చెరిపేసే ప్రాసెసర్ మాత్రం దారులు చీలకముందే, స్వీకరించే పైప్‌లైన్‌లోనే ఉండాలి.