అప్‌డేట్: తాగుడు వల్ల మందిరానికి దూరమైన తమ్ముడి సంగతి

మా బాబాయి కొడుకు తాగుడుకి బానిసై చర్చి మానేశాడని, వాడితో ఎలా మాట్లాడాలని అడిగాను కదా. బైబిల్లో గలతీయులకు రాసిన పత్రిక 6:1 చదవమని ఒకరు చెప్పారు. తప్పులో చిక్కుకున్నవాణ్ని సాత్వికంగా దారికి తేవాలని, మనమూ శోధనలో పడకుండా చూసుకోవాలని పౌలు రాసిన మాట.

ఆదివారం ఆరాధన అయ్యాక వాడింటికెళ్లాం. వాక్యం ఎత్తలేదు, తాగుడు ఊసే లేదు. మా ఆవిడ చేసిన చేపల పులుసు ఇచ్చి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. బయల్దేరుతుంటే వాడే అడిగాడు, “అన్నా, డీఅడిక్షన్ సెంటర్‌కి తోడొస్తావా?” అని.

వెళ్లాం. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, మందులతోనే మానాలన్నారు డాక్టరు. ప్రార్థన ఒక్కటే చాలనే మా సంఘ పెద్దలకు ఇది చెప్పాలి.

చర్చికి ఇంకా రావట్లేదు. వెనక బెంచీల్లో గుసగుసలు తగ్గేదాకా నేనూ రమ్మనను.