ఫీనిక్స్–టూసాన్ దారిలో దుమ్ము తుపాను వస్తే లైట్లు ఆర్పాలా, వెలిగించాలా?

ప్రశ్న (చాండ్లర్ కొత్తవాసి):
ఈ మధ్యే అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌కు మారాము. జులైలో అమ్మానాన్నలను వెంటబెట్టుకొని ఐ-10 హైవే మీదుగా టూసాన్ వెళ్లవలసి ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు ఇక్కడ రుతుపవన కాలమని, ఆ రోజుల్లో సాయంత్రం పూట దుమ్ము తుపాన్లు లేస్తాయని ఆఫీసులో చెబుతున్నారు. విజయవాడ హైవే మీద పొగమంచు కమ్మినప్పుడు హజార్డ్ లైట్లు వేసుకొని మెల్లగా సాగిపోవడం నాకు అలవాటు. ఇక్కడేమో అన్ని లైట్లూ ఆర్పేయమంటున్నారు. ఏమీ కనిపించని చోట లైట్లు లేకుండా నిలబడితే వెనుక వచ్చేవాడు గుద్దేయడా? పైగా దారిలో రోడ్డు విస్తరణ పని కూడా జరుగుతోందట. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 (పాత ఫీనిక్స్‌వాసి):
ఆర్పవలసింది బండిని రోడ్డు దింపి పూర్తిగా ఆపిన తరువాతే. కదులుతున్నంతసేపూ హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉండాలి. దుమ్ములో దారి తోచని డ్రైవరు ముందు కనిపించే ఎర్రలైటునే పట్టుకొని వస్తాడు. అది లేన్‌లో పోతున్న బండిదే అనుకొని నేరుగా పక్కన ఆగి ఉన్న మీ కారు మీదికే వస్తాడు. అందుకే రాష్ట్ర రవాణా శాఖ 2012 నుంచి ఈ మాటను పదేపదే ప్రచారం చేస్తోంది. తెల్లగీత దాటి వీలైనంత దూరం జరగండి, హజార్డ్‌తో సహా లైట్లన్నీ ఆర్పండి, పార్కింగ్ బ్రేకు వేసి కాలిని బ్రేకు పెడల్ మీద నుంచి తీసేయండి. చాలామంది మరచేది ఈ చివరిదే: కాలు అక్కడే ఉంటే వెనుక ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది. సీటు బెల్టులు తీయకుండా లోపలే కూర్చోండి. పెద్దవారు కంగారుపడి దిగబోతారు కాబట్టి వారికి ముందే చెప్పి ఉంచండి.

సమాధానం 2 (వారానికోసారి టూసాన్ ప్రయాణం):
ఇది రుతుపవనాలకే పరిమితం కాదు. 2013 అక్టోబరులో ఇదే దారిలోని పికాచో పీక్ కొండ దగ్గర దుమ్ములో వాహనాలు వరుసగా ఢీకొని ముగ్గురు మరణించారు. ఆ చుట్టుపక్కల బీడు భూములు ఎక్కువ, కాస్త గట్టి గాలి వీచినా మట్టి లేస్తుంది. ఆ తరువాత ఎలోయ్ ఊరికీ పికాచో పీక్‌కూ మధ్య సుమారు 10 మైళ్ల మేర దుమ్మును పసిగట్టే పరికరాలు అమర్చారు. మామూలుగా గంటకు 75 మైళ్లుండే వేగపరిమితి అక్కడి ఎలక్ట్రానిక్ బోర్డుల మీద 35 దాకా తగ్గుతుంది. ఆ అంకె సలహా కాదు, చట్టబద్ధమైన పరిమితి. విస్తరణ పని అంతకు ముందే, చాండ్లర్ దాటాక కాసా గ్రాండే వరకు వస్తుంది. గిలా నది వంతెనలు కూడా అందులోవే. బారికేడ్లు ఉన్నచోట పక్కకు దిగే జాగా దొరకదు కాబట్టి, దూరాన గోధుమరంగు దుమ్ము గోడలా లేచి కనిపించగానే తరువాతి ఎగ్జిట్‌లో దిగిపోవడం మేలు. నన్నడిగితే తుపాను అవకాశం ఉన్న రోజున ఉదయమే బయలుదేరండి.

సమాధానం 3:
దుమ్ము వెనుకే వాన రావచ్చు. వాగు పొంగి బారికేడ్ పెట్టిన దారిలోకి కారు దించి చిక్కుకుంటే, రక్షించడానికైన ఖర్చును మీ నుంచే వసూలు చేసే చట్టం అరిజోనాలో 1995 నుంచి ఉంది. బయలుదేరే ముందు 511కు ఫోన్ చేస్తే రోడ్ల పరిస్థితి చెబుతారు. టైర్లలో గాలిని ఉదయం, ఎండ ఎక్కకముందే చూసుకోండి. తాగునీళ్లు డిక్కీలో కాక చేతికందేచోట పెట్టండి.