క్రిస్మస్ చెట్టు నీళ్లు పీల్చడం మానేసింది, ఏం చేయాలి?

మేము అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉంటాం. క్రిస్మస్‌కు మా అమ్మగారు గుంటూరు నుంచి వస్తున్నారు. ప్రతి ఏటా చర్చిలో ప్లాస్టిక్ చెట్టునే చూసిన ఆమెకు అసలు చెట్టు వాసన చూపించాలని నా ఆశ. అందుకే నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ అయిన వెంటనే ఫ్రేజర్ ఫర్ అనే చెట్టు కొట్టినది తెచ్చాం. ఇక్కడి పశ్చిమ కొండల్లో పెంచే రకం ఇది, ఆకులు త్వరగా రాల్చదు.

కాండం అడుగున అంగుళం మేర కోయించి వెంటనే నీళ్ల స్టాండులో నిలబెట్టాం. కాండం మందం అంగుళానికి దాదాపు లీటరు నీళ్లు ఉండాలంటారు, మా స్టాండులో అంతకంటే ఎక్కువే పడతాయి. మొదట్లో రోజూ బాగా తాగేది. ఇప్పుడు నీటిమట్టం కదలడమే లేదు. కోసిన చోట జిగురు పట్టి మూసుకుపోయిందా? అలంకరణంతా విప్పి మళ్లీ కోయక తప్పదా? పంచదార, ఆస్పిరిన్ కలపమని కొందరు, మంచినీళ్లే చాలని కొందరు అంటున్నారు. నాకు రెండో మాటే సబబనిపిస్తోంది.

దగ్గరలోనే వేడిగాలి వచ్చే జాలీ ఉంది. దాన్ని మూస్తే చాలా, చెట్టునే జరపాలా? నిమిరితే ఆకులు ఇంకా రాలడం లేదు. కానీ ఎండిన చెట్టు క్షణాల్లో అంటుకుంటుందని భయం, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.