అత్తమ్మ కూర్చుంటే లేవలేని డిజైనర్ సోఫా: మిగతా సామాను కొనాలా, చేయించాలా?

కొత్తిల్లు_నల్గొండ: ఈ మధ్యే సొంతింట్లోకి వచ్చాం. మావారు ఫోన్‌లో బొమ్మ చూసి డిజైనర్ సోఫా తెప్పించారు. బూడిద రంగు, సన్న కాళ్లు, చూడ్డానికి బ్రహ్మాండం. సీటు మాత్రం నేల నుంచి 14 అంగుళాలే. అత్తమ్మ లేవాలంటే ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి టీపాయ్ మీద ఆనించి "ఓ రామా" అనాల్సిందే. ఇప్పుడు పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి సోఫా పక్కనే వేసుకుంది! టీవీ యూనిట్, డైనింగ్ టేబుల్ ఇంకా తీసుకోవాలి. రెడీమేడా, వడ్లాయనతోనా?

చెక్కపొట్టు: చేయించండి అక్కా. రెడీమేడ్ టీవీ యూనిట్లు చాలావరకు ఎండీఎఫ్, లేదా పార్టికల్ బోర్డు. ఒకటి కర్ర పీచు, ఇంకోటి కర్ర పొట్టు, జిగురు కలిపి ఒత్తినవి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో అడుగు అంచు పూరీలా ఉబ్బుతుంది. వంటింటికైతే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి, నీళ్లకు ఆగుతుంది.

పాలమూరు_కిరాయి: చెప్పడం తేలికే తమ్మీ. మా వడ్లాయన అడ్వాన్స్ తీసుకుని "వచ్చే బేస్తవారం" అన్నాడు. ఏ బేస్తవారమో చెప్పలేదు. మూడు నెలలకు మంచం వచ్చింది, పచ్చి కర్రతో. ఎండాకాలంలో అతుకులు విడిపోయి పక్క మీద కదిలితే కిర్రుమంటోంది. మాకు ట్రాన్స్‌ఫర్లు కూడా. రెడీమేడ్ అయితే విప్పి లారీలో వేసుకుంటాం.

చెక్కపొట్టు: విప్పండి, కానీ రెండోసారి బిగించేటప్పుడు ఆ బోర్డులో స్క్రూ పట్టదు, చిల్లు వదులైపోతుంది. పచ్చి కర్ర మాటకు ఒప్పుకుంటా. ఆరిన కర్రేనా అని ముందే చూసుకోవాలి.

మగ్గం_పక్కన: సోఫా సంగతి నాకు తెలియదు. దిండు గలీబులకు మాత్రం ఇకత్ (నూలుకు ముందే రంగులద్ది నేసే గుడ్డ) పేరుతో అచ్చు వేసిన గుడ్డ కొనకండి. తిరగేసి చూడండి, అచ్చుదైతే వెనక వెలిసినట్టు ఉంటుంది. నేసినదైతే రెండు వైపులా దాదాపు ఒకటే, పువ్వు అంచు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. పుట్టపాకలో నేసే ఇకత్ గుడ్డ, తేలియా రుమాలుకు 2020లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆముదం కాయల బూడిద, నూనె పట్టించిన నూలు అది. దాన్ని కోసి గలీబు కుడితే మాత్రం నాకు కడుపు మండుతుంది, గోడకు పెట్టుకోండి.

పాలమూరు_కిరాయి: అక్కా, సోఫా అమ్మకండి. కాళ్లు మర తిప్పి బిగించినవైతే ఊడదీసి, 3 అంగుళాలు పొడుగువి వేయించండి. మా నాన్నకు అదే చేశాం.

కొత్తిల్లు_నల్గొండ: ప్లాస్టిక్ కుర్చీ కొలిచా, సరిగ్గా 17! కాళ్లు పెంచితే లుక్ పోతుందని మావారి గొణుగుడు. అయినా వడ్లాయన్ని పిలిపించా. వచ్చాడు, సోఫా తిరగేశాడు, చాయ్ తాగాడు. బేస్తవారం వస్తానన్నాడు.