బతుకమ్మ సావనీర్, సభ్యుల జాబితా: ఏ సాఫ్ట్‌వేర్‌ల పెడదాం?

సావనీర్ పని (నల్గొండ నుంచి):
అన్నలకు, అక్కలకు నమస్తే. సెలవు మీద ఊర్ల ఉన్న. నిన్న గడియారం సెంటర్ కాడ మన సంఘం బతుకమ్మ సావనీర్ (పండుగ సంచిక) అచ్చేసిన ప్రెస్సుకు పోయి, పాత ఫైలు తెరిపిచ్చిన. తెలుగు ఉండాల్సిన కాడ ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకు ఒక్కటే అక్షరాల పద్ధతి) కాని డీటీపీ ఫాంట్‌ల కొట్టిన మ్యాటర్ అది. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్ పాడైందట, కొత్తదాంట్ల లైసెన్సు లేదట. దేవరకొండ దిక్కు పెద్దమ్మ ఒకామె పాడిన ఉయ్యాల పాట దాంట్లనే ఉన్నది. ఆమె ఇప్పుడు లేదు. అచ్చైన పుస్తకం ముందట పెట్టుకొని మళ్ల టైపు చేస్తున్న.

అందుకే చెప్తున్న, మనం దాచుకునేటియన్నీ ఓపెన్‌సోర్స్‌ల, అంటే ఎవరైనా ఉచితంగ వాడుకునే సాఫ్ట్‌వేర్‌ల పెడదాం. వచ్చే కమిటీ ఎవలనీ అడగకుంట, పైసలు కట్టకుంట తెరవగలగాలె.

మ్యాటర్ లిబ్రేఆఫీస్‌ల కొడదాం. దాని ఓడీఎఫ్ ఫైలు పద్ధతి 2006 నుంచే ఐఎస్‌ఓ ప్రమాణం. పేజీలు పేర్చుడు స్క్రైబస్ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ల. పాత 1.4 వెర్షన్‌ల తెలుగు వత్తులు చెదిరిపోయేటియి, అందుకే మనోళ్లకు దాని మీద నమ్మకం లేదు. 2024ల వచ్చిన 1.6ల రాత్రి ‘లక్ష్మి’ అని కొట్టి సూసిన: క కింద ష, దాని కింద మ, మూడు సక్కగ కూసున్నయి. ప్రెస్సాయన అడిగేది ఫాంట్లు పొదిగిన సీఎంవైకే (అచ్చు రంగుల) పీడీఎఫ్, అది స్క్రైబస్ ఇస్తది. శీర్షికలకు ‘సురవరం’ ఫాంట్ వాడుదాం. ఓపెన్ లైసెన్సుది. 1926ల గోలకొండ పత్రిక పెట్టిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీది ఫాంట్ మన పుస్తకంల ఉంటే నాకైతే కడుపు నిండుతది.

పోస్టర్ పని (డల్లాస్):
అన్నా, పోస్టర్ మాత్రం నాకు కాన్వాలనే కావాలె. ఇంక్‌స్కేప్ అనే ఓపెన్‌సోర్స్ బొమ్మల సాఫ్ట్‌వేర్ నేర్చుకునే టైం లేదు, హాలు బుక్ అయింది.

సావనీర్ పని:
చెయ్యి తమ్మి, పోస్టర్ పండుగ దాక ఉండేదే. ఆఖరి పీడీఎఫ్ ఒక్కటి మన ఫోల్డర్‌ల వెయ్యి. వాట్సాప్ గూడ మారొద్దు, సత్తుపిండి పట్టుకొచ్చే అమ్మలందరూ ఆడనే ఉన్నరు.

కోశాధికారి (డల్లాస్):
తమ్మీ, మరి సభ్యుల జాబితా? పైసలు పడవు, మన సర్వర్‌ల సివిసీఆర్‌ఎం అనే సభ్యుల వివరాల సాఫ్ట్‌వేర్ పెడదామంటున్నరు కొందరు.

సావనీర్ పని:
అక్కా, అది లాభాపేక్ష లేని సంఘాల కోసం కట్టిన ఓపెన్‌సోర్సే, మంచిదే. గని సర్వర్ అంటే అప్‌డేట్లు, బ్యాకప్‌లు ఒకరు నెలనెలా సూసుకోవాలె. ఆ ఒక్కరు ఉద్యోగం మారి ఊరు విడిస్తే? అప్‌డేట్ లేని సర్వర్‌ల మనోళ్ల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్‌లు పెట్టుడు నాకు భయం. డెబ్బై కుటుంబాలకు లిబ్రేఆఫీస్‌ల ఉన్న కాల్క్ (లెక్కల పట్టిక) షీటు ఒక్కటి సాలు.

అట్లని నెలకింత కట్టే సాఫ్ట్‌వేర్ జోలికి గూడ పోవద్దు. ముందటి కమిటీల ఒక అన్న సొంత కార్డు మీద తీసుకున్నడు, కార్డు గడువు అయిపోంగనే జాబితా మూతపడ్డది. ఇంటింటికి ఫోన్ చేసి నంబర్లు మళ్ల రాసుకున్నది మీరే కదా అక్కా. షీటు ఇద్దరి దగ్గర, పాస్‌వర్డు పెట్టి ఉండాలె. నెలాఖరుకు సీఎస్‌వీ (ఏ సాఫ్ట్‌వేర్‌లనైనా తెరుచుకునే ఉత్త అక్షరాల ఫైలు) కాపీ ఒకటి తియ్యాలె. తెరిచేటప్పుడు లిబ్రేఆఫీస్ అక్షరాల పద్ధతి అడుగుతది, యూటీఎఫ్-8 ఎంచుకోర్రి. లేకుంటే తెలుగు పేర్లు పిచ్చిగీతలైతయి.

కోశాధికారి:
సరే. షీటు నేను మొదలువెడ్త, రెండో కాపీ ఎవరికియ్యాల్నో ఆదివారం కాల్‌ల చెప్పుర్రి.

సావనీర్ పని:
ఇంకొక్కటి. వ్యాసాలు ఫోటోలు తీసి పంపకుర్రి, ఫోన్‌ల తెలుగు కీబోర్డుతోని కొట్టి పంపుర్రి. పెద్దమ్మ పాటల ఇంక పదకొండు చరణాలు మిగిలినయి. ఎవరన్న సగం తీసుకుంటరా?

పోస్టర్ పని:
ఆరు నాకియ్యి అన్నా. రేపు పొద్దుగాల్ల వరకు కొట్టి పంపుత.