సికిల్ స్ట్రిప్ చదవడానికి కన్ను చాలా, కెమెరా కావాలా?

సిరొంచ_గట్టు:
మా చిన్నమ్మ కూతురికి పన్నెండేళ్లు. వానాకాలం వస్తే చాలు మోకాళ్లు పట్టుకుని రాత్రంతా ఏడుస్తుంది. రెండేళ్ల కింద ఒక ల్యాబ్‌లో (పేరు వద్దులెండి) సికిల్ సెల్ జబ్బేమోనని ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాల్ని కరెంటుతో స్ట్రిప్ మీద గీతలుగా విడదీసే పరీక్ష) చేసి, ఏ (మామూలు రకం) గీత, ఎస్ (సికిల్ రకం) గీత రెండూ కనబడ్డాయి కాబట్టి ఏఎస్, అంటే క్యారియర్ (సికిల్ జన్యువు ఒకటే ఉన్న మనిషి) మాత్రమే, భయం లేదు అని రాసిచ్చారు. మొన్న చంద్రపూర్‌లో మెషిన్ మీద చేయిస్తే ఏ కంటే ఎస్ శాతమే ఎక్కువ వచ్చింది. ఇది సికిల్ బీటా తలసీమియా (ఒక జన్యువు సికిల్‌ది, రెండోది తలసీమియాది), జబ్బే అన్నారు. రెండేళ్లు మందు లేకుండానే గడిచిపోయింది కదా. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్‌లో 7 కోట్ల మందిని పరీక్షిస్తామన్నారు, ఇంతమందివి కంటితో చూసి రాయడం ఇంకా నడవాలా? నా మాట అయితే కెమెరా లేని రిపోర్టు చెల్లదనాలి.

అహేరి_టెక్నీషియన్:
అన్నా, పిల్ల విషయం బాధే, కానీ తప్పు కంటిది కాదు, చూసినవాడిది. పదకొండేళ్లుగా స్ట్రిప్‌లు చూస్తున్నా. పీహెచ్ 8.4 బఫర్‌లో (క్షార ద్రావణంలో) హిమోగ్లోబిన్ ప్లస్ వైపు నడుస్తుంది, ఎస్‌కి నెగటివ్ ఛార్జి తక్కువ కాబట్టి ఏ గీతకి వెనక ఆగిపోతుంది. బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వచ్చినందుకు ఇదంతా. క్యారియర్‌లో ఎప్పుడూ ఏ గీతే ముదురు, ఎస్ మామూలుగా 40 శాతం లోపే. ఎస్ ముదురుగా ఉంటే అక్కడే అనుమానం రావాలి. పక్కన ఏఎస్ కంట్రోల్ (ఏఎస్ అని ముందే తెలిసిన శాంపిల్) వేసి చూస్తే తెలియదా? మా దగ్గర మధ్యాహ్నం కరెంటు పోతే రన్ మొత్తం మళ్లీ మొదటి నుంచి. ముందు కరెంటు ఇవ్వండి, తర్వాత కెమెరా సంగతి.

బల్లార్షా_ఫార్మా:
తమ్ముడూ, కంట్రోల్ పక్కన ఉన్నా 55కీ 45కీ తేడా కన్ను చెప్పలేదు, అందులో సాయంత్రం నలభయ్యో స్ట్రిప్ దగ్గర అస్సలు చెప్పలేదు. అసలు 1949లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం సికిల్ హిమోగ్లోబిన్ వేరని తేల్చింది కూడా కంటితో కాదు, టిసేలియస్ గొట్టంలో (అప్పటి ఎలక్ట్రోఫోరెసిస్ పరికరం) ప్రోటీన్ అంచు దగ్గర కాంతి వంగే తీరును చూసి. క్యారియర్ రక్తంలో రెండు రకాలూ కలిసి ఉంటాయని కూడా దాంతోనే తేలింది.

మా కంపెనీలో యాంటీబాడీల ఛార్జి తేడాలు చూసే మెషిన్ ఉంది. 5 సెంటీమీటర్ల కేపిలరీ (వెంట్రుకంత సన్నని గొట్టం), లోపల పీహెచ్ ఒక చివర నుంచి రెండో చివరకి మారుతూ పోతుంది, ఒక్కో ప్రోటీన్ తన ఛార్జి సున్నా అయిన చోట ఆగుతుంది, దీన్నే ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్ అంటారు. వెనకటి పద్ధతిలో అలా ఆగిన గీతల్ని మళ్లీ కదిలించి ఒకే కిటికీ ముందు నుంచి నడిపించాలి, ఆ నడకలో గీతలు సాగి అలుక్కుపోయేవి. 1990ల్లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ వాళ్లు కేపిలరీ మొత్తాన్ని ఒకేసారి కెమెరాతో పట్టే పద్ధతి తెచ్చాక ఆ బాధ పోయింది. మేం 280 నానోమీటర్ల అతినీల కాంతిలో చూస్తాం. హిమోగ్లోబిన్‌కి అదీ అక్కర్లేదు, దానికే రంగు ఉంది, 415 నానోమీటర్ల దగ్గర బలంగా పీల్చుకుంటుంది. కాబట్టి దీనికి కెమెరా పెట్టడం మీరు భయపడేంత ఖరీదు వ్యవహారం కాదు.

రాయగడ_అక్క:
మీ ఇద్దరూ మెషిన్ గురించి కొట్లాడుకుంటున్నారు, శాంపిల్ గురించి ఒక్కరూ అడగరేం? పిల్లకి మూడు నెలల్లోపు రక్తం ఎక్కించారా? ఎక్కిస్తే ఎస్ఎస్ (రెండూ సికిల్ జన్యువులే ఉన్న) పిల్లకి కూడా ఏ గీత వస్తుంది, ఎంత మంచి కెమెరా అయినా ఆ దాత రక్తాన్నే ఫొటో తీస్తుంది. ఇంకోటి, పీహెచ్ 8.4 స్ట్రిప్ మీద ఎస్, డి (ఇంకో మారిన హిమోగ్లోబిన్ రకం) రెండూ ఒకే చోట ఆగుతాయి. ఛార్జి విడదీయని దాన్ని కెమెరా విడదీయదు బాబూ! దానికి ఆమ్ల బఫర్‌లో ఇంకో రన్, లేదంటే ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్ కావాలి. మా గునుపూర్ వైపు క్యాంపుల్లో మే నెల ఎండకి శాంపిల్ పాడై లేని గీతలు రావడం చూశాను.

సెల్‌ఫోన్ ఫొటోల జోలికి మాత్రం పోకండి. ఫోన్ తనంతట తానే వెలుతురు పెంచేస్తుంది, ముదురు గీతలు రెండూ ఒకే నలుపులా కనిపిస్తాయి, దాన్నుంచి శాతం లెక్క కట్టడం కాకిలెక్కే.

అహేరి_టెక్నీషియన్:
అక్క చెప్పింది నిజం, డి మాట నేను మరిచాను. అప్పుడే పుట్టిన పిల్లల శాంపిల్ అయితే ఎఫ్ (కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్) గీతే అంతా కమ్మేస్తుంది, పక్కన సన్నగా ఉన్న ఎస్‌ని నేను కూడా వదిలేసిన రోజులున్నాయి, ఒప్పుకుంటా. కానీ కెమెరా ఉందని చదివేవాణ్ని తీసేస్తే మాత్రం ఊరుకోను.

సిరొంచ_గట్టు:
రక్తం ఎక్కించలేదక్కా, చిన్నమ్మని అడిగాను. ఇంకా ఒక మాట. పాత ల్యాబ్‌కి వెళ్లి ఆ స్ట్రిప్ చూపించమంటే, అన్నీ పారేస్తాం అన్నారు. ఫొటో అయినా తీసి పెట్టుకుని ఉంటే అహేరి తమ్ముడు చెప్పినట్టు ఎస్ గీత ముదురుగా ఉందో లేదో ఇప్పుడు ఇక్కడే తేలిపోయేది. నేను కెమెరా అన్నది ముఖ్యంగా అందుకే. పిల్ల తమ్ముడికి కూడా చేయించాలి. ఇక్కడి నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, బస్సులో శాంపిల్ పంపాలంటే ఐస్‌తో ఎన్ని గంటలు ఆగుతుందో అక్క కాస్త చెప్పాలి.